పేరు చింపిన ఉత్తరం

నా గుండె సరిగా లేదన్న మాట నాకు మొదట చెప్పినది ఓబులమ్మ. ఆమె డాక్టరు కాదు, నర్సూ కాదు. దోహాలోని పెద్ద ఆసుపత్రిలో నేల తుడిచే కడప జిల్లా మనిషి. పందొమ్మిది వందల తొంభై ఆరు మార్చి నెల. పాకిస్తానీ డాక్టరుగారు ఉర్దూలో ఏదో చెప్పి, నా ముఖం చూసి ఆగిపోయారు. నాకు వంటింటి అరబ్బీ తప్ప మరో భాష రాదు. ఆయన గుమ్మం దగ్గర తుడుస్తున్న ఓబులమ్మను పిలిచారు. ఆమె కర్ర గోడకానించి, చేతులు తుడుచుకుని, ఆయన చెప్పిందంతా విని నా వైపు తిరిగింది.

"అక్కా, బయపడొద్దు. నీ గుండెకాయలో వాకిలి ఒకటి ఉండాదంట. అది మూసుకపోతాండాదంట. రక్తం పొయ్యేదానికి దావ లేక నీకు ఆయాసమొస్తాండాదంట. చిన్నప్పుడు జరమొచ్చి కీళ్ళు వాచినాయా అని అడుగుతాండాడు."

వాచాయి. రేపల్లె దగ్గర మా ఊళ్ళో, ఎనిమిదో ఏట. ఆ జ్వరాల వల్లనే నేను బడికి పోలేదు. చర్చిలో ఉపదేశిగా ఉన్న మా నాన్నగారే ఇంట్లో పలక మీద అక్షరాలు దిద్దించారు. ఆ సంగతి ఈ ఎడారిలో, ఎవరో డాక్టరుకు ఎలా తెలిసిందా అనుకున్నాను.

"ఆపరేషనా?" అన్నాను.

"కోసేది లేదంట. తొడ కాడ నుంచి సన్నని గొట్టం పంపి ఆ వాకిలి తెరుస్తారంట. జాగు చేస్తే మాత్రం..." ఓబులమ్మ ఆగింది. డాక్టరు మళ్ళీ ఏదో అన్నారు. ఆమె ఆ మాట తెలుగులో చెప్పలేదు. "సంతకం పెట్టక్కా" అని మాత్రం అంది.

నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇప్పుడు తొంభై ఎనిమిది. దేవుని కృప వల్ల నేను బాగున్నాను. కానీ ఆ నెల రోజులు ఇప్పటికీ మరచిపోలేదు.

మా నాన్నగారు పాఠం చెబుతూ మధ్యలో పాతకాలపు సన్యాసుల సంగతులు చెప్పేవారు. పదిహేను వందల ఏళ్ళ కిందట గాజా పట్టణం అవతల ఎడారిలో, ఒక ముసలి సన్యాసి చిన్న గదిలో తలుపు వేసుకుని ఉండేవారట. ఎవరికీ కనిపించేవారు కాదు. ఒక్క శిష్యుడు మాత్రం లోపలికి వెళ్ళేవాడు. మఠంలో వాళ్ళు, ఊళ్ళో రైతులు, సిపాయిలు తమ మనసులోని కలతలు రాసి పంపితే, ఆయన చెప్పిన జవాబు శిష్యుడు రాసుకుని తెచ్చి ఇచ్చేవాడు. ముఖం ఎరుగని మనిషి మాట పట్టుకుని ఎంతోమంది బతికారట. ఈ ఖతార్ తీరాన కూడా ఆ కాలంలో సన్యాసులు ఉండేవారని, ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు కూడా దూరాల్లో ఉన్నవాళ్ళకు ఉత్తరాలతోనే దారి చెప్పారని నాన్నగారు అనేవారు. నాకు పెళ్ళయిన కొన్నేళ్ళకు మా ఆయన దావీదుతో కలిసి ఖతార్‌కు పనికి వస్తున్నప్పుడు, "నీకంటే ముందే అక్కడ ప్రార్థన చేసినవాళ్ళున్నారు, బెంగపడకు" అని పంపించారు.

ఉమ్ సలాల్‌లో ఒక పెద్దింట్లో మా ఆయన డ్రైవరు, నేను వంటమనిషిని. మా పాప రూతు తెనాలిలో మా అక్క దగ్గర చదువుకుంటోంది. శుక్రవారం సెలవు దొరికినప్పుడల్లా దోహాలోని నజ్మా పేటలో ఒక క్యాంటీన్ పైన, మూడో అంతస్తు గదిలో మా తెలుగువాళ్ళం పదిమందిమి చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళం. తలుపు వేసి, గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళం. పాట ఎత్తుకునేది యోహాను. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రి, ముప్ఫై ఏళ్ళ మనిషి, మంచి గొంతు.

ఆ గదికి ఒక తాతగారు ఉండేవారు. గదిలో కాదు, ఇండియాలో. ఒకప్పుడు బోధకుడిగా పనిచేసి, ముసలితనంలో ఒక కొండ పక్కన గది కట్టుకుని, ఆ పాతకాలపు సన్యాసుల పద్ధతి పట్టుకున్న ఆయన. ఎవరినీ కలిసేవారు కాదు. రిటైరైన రాహేలు టీచరుగారు ఒక్కరే లోపలికి వెళ్ళి, వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించి, ఆయన జవాబులు రాసి పంపేవారు. మేము సెలవు మీద ఊరు వెళ్ళేవాళ్ళ చేత ఉత్తరాలు పంపేవాళ్ళం, తిరిగి వచ్చేవాళ్ళ చేత జవాబులు అందుకునేవాళ్ళం.

జవాబు వచ్చినవాళ్ళు దాన్ని దాచుకోకూడదని మాలో ఒక ఒప్పందం ఉండేది. కానీ ఎవరి లోపల ఏముందో నలుగురికీ తెలియడం మర్యాద కాదు కదా. అందుకని ఉత్తరం పైన పేరు, ఊరు, అడిగిన ప్రశ్న ఉన్న భాగం చింపేసి, మిగతాది గదిలో ఫైలులో పెట్టేవాళ్ళం. అందరం నోటు పుస్తకాల్లో ఎత్తి రాసుకునేవాళ్ళం. అది ప్రేమతో చేసిన పనే. ఇప్పుడు కూడా దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. కానీ దానివల్లే నేను చావు దాకా వెళ్ళాను.

తొంభై అయిదు అక్టోబరులో మొదలైంది. మధ్యాహ్నం నడుం వాలిస్తే ఊపిరి అందేది కాదు. లేచి కూర్చుంటే సర్దుకునేది. నజ్మా గదికి మూడంతస్తులు ఎక్కేసరికి పెదవులు ఎండిపోయేవి. మెట్ల మలుపులో ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేదాన్ని. ఎవరైనా వెనక వస్తే, "మీరు పదండి, నేను వస్తా" అనేదాన్ని. రోగమని అనుకోలేదు. తెల్లవారుజామున లేచి ప్రార్థించే అలవాటు తప్పింది కదా, ఇది సోమరితనమే, ప్రార్థనంటే నాకు విసుగు పుట్టింది అనుకున్నాను. అలా అనుకోవడమే ఎక్కువ భయపెట్టింది.

నిజానికి తాతగారికి రాశాను కూడా. కానీ ఎలా రాశాను! గల్ఫ్‌లో ఉన్నవాళ్ళం ఇంటికి ఉత్తరం రాస్తే మొదటి వాక్యం చెయ్యి దానంతటదే రాసేస్తుంది కదా, 'నేను ఇక్కడ క్షేమం' అని. తాతగారికీ అలాగే మొదలుపెట్టాను. ప్రార్థనలో మనసు నిలవడం లేదని రాశాను. ఊపిరి నిలవడం లేదని రాయలేదు. ఓపిక పట్టమని ఆయన రెండు వాక్యాలు పంపారు.

సరిగ్గా అప్పుడే గది ఫైలులో ఒక కొత్త ఉత్తరం చూశాను. పై భాగం చింపేసి ఉంది. రాహేలు టీచరుగారి గుండ్రటి అక్షరాలు. "నీ ఒళ్ళు నీకు అబద్ధం చెబుతోంది. ఆయాసమంటుంది, నమ్మకు. నొప్పి అంటుంది, వినకు. డాక్టరు దగ్గరకు పరుగెత్తబోయే ముందు పక్క మీద నుంచి లే. పొద్దు పొడవక ముందే నలభై సార్లు సాష్టాంగపడి లే. నలభై రోజులు గడిచాక ఒళ్ళు ఏమంటుందో చూడు."

చదివి అక్కడే కూర్చుండిపోయాను. ఆయాసం అన్న మాట ఉంది. అడగకుండానే నా లోపలిది చూసి రాశారనిపించింది. కళ్ళనీళ్ళతో ఎత్తి రాసుకున్నాను.

మర్నాటి నుంచి నలభై సార్లు. ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే జాలి వేస్తోంది. పదిసార్లు లేచేసరికి గది అంతా తిరిగేది. చెవుల్లో గుండె దబదబ కొట్టుకునేది. దగ్గి దగ్గి ఉమ్మితే ఒకసారి ఎర్రగా కనిపించింది. తుడిచేసి, లెక్క పూర్తి చేశాను. నలభై రోజులు అయిపోతే మళ్ళీ మొదలుపెట్టాను. రంజాన్ వచ్చింది. ఇంట్లో సాయంత్రం వంటలు పెరిగాయి. నా కాళ్ళు వాచినా అందరూ పని ఎక్కువనుకున్నారు. పండగ వెళ్ళి రెండు వారాలు దాటాక, వంటింట్లో అన్నం వార్చుతూ పడిపోయాను. ఆ ఇంటి పెద్దావిడ, అరబ్బీలో అమ్మ అన్నట్టు అందరం మామా అనేవాళ్ళం, తన చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పరుగెత్తుకొచ్చి, "యల్లా దావూద్, ముస్తష్ఫా!" అని అరవడం వినిపించింది. కారు వెనక సీట్లో నా తల ఆమె ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రి దాకా వచ్చింది. అదీ ఓబులమ్మ నాకు ఆ వార్త చెప్పిన రోజు.

నేను సంతకం పెట్టనన్నాను. "తాతగారికి రాసి అడుగుతాను. ఆయన సరేనంటే పెడతాను."

మా ఆయన నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. కోపం కాదు. ఆయన కూడా భయపడ్డారు. డాక్టరుగారు మాత్రలిచ్చి, వారానికోసారి రమ్మని పంపారు. వెంటనే రాశాను, ఈసారి నిజం రాశాను, పేరు చింపిన ఉత్తరం చూసి నలభై సార్లు చేసిన సంగతి కూడా. నెల్లూరు వెళ్తున్న ఒకాయన చేత పంపాం. వెళ్ళడానికి, జవాబు రావడానికి తక్కువలో తక్కువ అయిదు వారాలు.

ఆ వారాల్లో నేను చేసిన పని ఒక్కటే, నా గుండె చప్పుడు వినడం. పడుకుంటే ఆగిపోతుందేమోనని మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. గుండె ఒక దెబ్బ తప్పితే చేతిలో ఉన్నది వదిలేసి మంచం కోడు పట్టుకునేదాన్ని. ఊరికి పెట్టెలో వెళ్ళినవాళ్ళు గుర్తొచ్చేవారు. విమానాశ్రయంలో ఎవరు వచ్చి తీసుకుంటారు, పాపను అక్కడికి తీసుకొస్తారా, తీసుకురావద్దని ముందే రాసి పెట్టాలా అని ఆలోచించేదాన్ని. ఇంత భయపడుతున్నానంటే నాకు విశ్వాసం లేదన్నమాట అని ఇంకో భయం.

వారం వారం ఆసుపత్రిలో ఆడవాళ్ళ వెయిటింగ్ హాలు. ఏసీ చలికి పళ్ళు కొట్టుకునేవి. ఓబులమ్మ తుడుచుకుంటూ వచ్చి, మడత పెట్టిన దుప్పటి నా మీద పడేసి, ఎవరూ చూడకుండా రెండు ఖర్జూరాలు చేతిలో పెట్టేది. "ఇంగా ఉత్తరం రాల్యాదా? ఏం తాతక్కా ఆయన! నీ గుండెకాయకు ఆయప్ప ఊరి పోస్టుమ్యానుతో పనేంది?" అనేది. నాకు నవ్వొచ్చేది, నవ్వితే దగ్గొచ్చేది. ఒకసారి ఈజిప్టు నర్సు ఒకామె నా మెడలో సిలువ చూసి, తన మణికట్టు తిప్పి చూపించింది. అక్కడ చిన్న సిలువ పచ్చబొట్టు. నా రక్తపోటు చూస్తున్నంతసేపూ ఆ చెయ్యి నా చెయ్యి మీదే ఉంచింది.

ఇంటికి వస్తూ కారులో ఒక రోజు మా ఆయన బండి పక్కన ఆపారు.

"సుగుణా, ఒకటి అడుగుతాను. నీకు మొగుణ్ణి నేనా, ఆ తాతా?"

"అదేం మాటండీ?"

"మరేంటి? నేను సంతకం పెట్టమంటే వినవు. డాక్టరు చెబితే వినవు. ఆయనెవరో తలుపేసుకుని కూర్చున్నాడు, నీ ముఖం కూడా ఎరగడు. ఆయన సరేననే దాకా నువ్వు ఊపిరి పీల్చవా?"

"ఆయన నా గురించే రాశారండీ. ఆయాసమంటుంది, నమ్మకు అన్నారు."

"నువ్వు పోతే నేను పాపకి ఏం చెప్పాలో కూడా ఆయన్నే అడుగు, రాసి పంపుతాడు" అని స్టీరింగు మీద తల పెట్టుకున్నారు. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం నేను చూడలేదు. అయినా సంతకం పెడతానని అనలేకపోయాను. చావుకన్నా ఆ మాట తప్పితే దేవుడు నన్ను వదిలేస్తాడేమోనన్న భయమే పెద్దదైపోయింది.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం చివరి వారాలు. ఒక శుక్రవారం, గదిలో అందరితో ప్రార్థన చేయించుకుంటానని పట్టుబట్టాను. మా ఆయన, ఇంకొకాయన కలిసి నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులు మోశారు. ప్రార్థన మొదలయ్యే ముందు నా సంగతి చెప్పాను. నోటు పుస్తకం తీసి, ఏ మాట నన్ను నిలబెడుతోందో వినండి అని ఆ ఉత్తరం చదివాను. కొందరు 'ఆమెన్' అన్నారు. "ఎంత విశ్వాసమమ్మా నీది" అని ఒకావిడ కళ్ళొత్తుకుంది.

యోహాను పాట ఎత్తుకోవాలి. ఎత్తుకోలేదు. గోడ వైపు చూస్తూ, "అక్కా, ఆ నలభై సార్లు నువ్వు జేసినవా?" అన్నాడు.

"నవంబరు నుంచీ చేస్తున్నాను నాయనా. పడిపోయాక డాక్టరు వద్దన్నాడని ఆపాను. ఆపినందుకే భయంగా ఉంది."

అతను లేచి మెట్ల మీదికి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగి వచ్చాడు. జేబులోంచి పర్సు తీసి, అందులో బతాకా అనే గుర్తింపు కార్డు వెనక దాచిన కాగితం ముక్క బయటికి తీశాడు. ఫైలు తెరిచి, ఆ ఉత్తరం చాప మీద పరిచి, ముక్కను పైన ఆనించాడు. చిరిగిన అంచులు రెండూ కలిసిపోయాయి.

"గిది నాకు రాసిండక్కా తాత. నీకు గాదు."

అతను ఆ ముక్క చదివాడు. గొంతు పాట పాడినప్పటిలాగే స్పష్టంగా ఉంది. 'యోహానుకు. నీకు ఏ రోగమూ లేదని నీవే రాశావు. పనికి పోబుద్ధి కాక ఆయాసమని, నొప్పి అని అబద్ధం చెప్పి సెలవు చీటీలు తెచ్చుకుంటున్నావని, ఇప్పుడు ప్రార్థనకు కూడా లేవలేకపోతున్నావని, ఏం చేయాలని అడిగావు. నీకు చెబుతున్నాను.'

"నేను మంచిగున్న, అక్కా. దున్నపోతు లెక్కున్న. క్యాంపుల పండుకునేటందుకు దవాఖానకు పోయి అబద్ధం చెప్పేటోణ్ణి. నువ్వు నిజంగ ఆయాసపడుతున్నవ్. నా మందు నువ్వు మింగినవ్" అని నా కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. "నీకేమన్నా అయితే నేనేం జవాబు చెప్పాలె?"

గది మూలలో ఒక నవ్వు వినిపించింది. "ఓహో, సిక్ లీవ్ యోహానా!" అన్నాడు ఒకాయన. ఆయన యోహాను పనిచేసే కంపెనీలోనే హాజరు రాసే టైమ్‌కీపర్. యోహానుకు ఆ సంగతి తెలియక కాదు. తెలిసే చదివాడు.

అప్పుడు నాకు నాన్నగారు చెప్పిన ఒక సంగతి గుర్తుకొచ్చింది. అది నేను ఎలా మరచిపోయానో తెలియదు. గాజా సన్యాసి జవాబులు పోగుచేసినవారు, ఒక్కొక్క జవాబు పైన అడిగినవాడు ఎవరు, ఏ స్థితిలో అడిగాడు అని శ్రద్ధగా రాసి పెట్టారట. ఒంట్లో బాగాలేనివాడికి తినమని, బలంగా ఉన్నవాడికి మానమని చెప్పిన ముసలాయన మాటలు ఒకరివి ఒకరు పట్టుకుపోకూడదని. "పైన రాసింది చదవకుండా కిందది చదవకు తల్లీ" అనేవారు నాన్నగారు. మేము ఆ పై భాగాన్నే చింపేశాం.

"ఏమండీ, ఆసుపత్రికి పోదాం" అన్నాను. మా ఆయన కుర్చీ ముందు కాళ్ళు పట్టుకున్నారు. యోహాను వెనక వైపు పట్టుకున్నాడు.

ఆపరేషన్ బల్ల మీద నాకు మెలకువగానే ఉంది. చలి, పైన తెల్లటి దీపం, తెలియని భాషల్లో మాటలు. ప్రార్థన ఒక్కటీ నోటికి రాలేదు. 'ప్రభువా, భయంగా ఉంది' అన్న మూడు మాటలే. లోపల ఏదో లాగినట్టయి, గుండె రెండు దెబ్బలు ఆగినట్టయి, ఇక అయిపోయిందనుకున్నాను. తర్వాత ఊపిరి లోపలికి వెళ్ళింది. ఎంత లోతుకు వెళ్ళిందంటే, ఇంత చోటు నాలో ఉందా అని ఆశ్చర్యపోయాను. మర్నాడు వెల్లకిలా పడుకుని నిద్రపోయాను, ఆరు నెలల తర్వాత. లేచేసరికి ఓబులమ్మ నా మంచం కింద తుడుస్తూ, "గురక పెడతాండావక్కా, వార్డంతా ఇంటాండారు" అంది. అంత తియ్యటి మాట నాకు ఇంకొకటి గుర్తు లేదు.

మే నెలలో తాతగారి జవాబు వచ్చింది. పైన నా పేరు, నేను రాసిన ఆయాసం, ఎర్రటి ఉమ్మి, అన్నీ టీచరుగారు వరసగా రాశారు. కింద తాతగారి మాటలు నాలుగే. "సుగుణా, ఈ ఉత్తరం చేరేలోగానే డాక్టరు మాట విని ఉంటే నేను సంతోషిస్తాను. వినకపోతే ఇప్పుడే వెళ్ళు. భయపడటం పాపం కాదు. పడుకుని ప్రార్థించు." దాని కింద టీచరుగారు సొంతంగా ఒక వాక్యం చేర్చారు. మీ ఉత్తరం విన్న రోజు తాతగారు అన్నం ముట్టలేదు, ఇకపై పై భాగం చింపవద్దని చెప్పమన్నారు అని.

అప్పటి నుంచి మా గదిలో చింపడం మానేశాం. దాచుకోవాలనుకున్నవాళ్ళు ఉత్తరం మొత్తం దాచుకుంటున్నారు.

ఇది చదివేవాళ్ళలో ఒంట్లో బాగాలేనివాళ్ళుంటే ఒక్క మాట. మీకు ధైర్యమిచ్చిన మాట ఎవరికి చెప్పినదో ముందు కనుక్కోండి. మీరు రాసేటప్పుడు 'నేను ఇక్కడ క్షేమం' అని మొదలుపెట్టకండి, క్షేమం కాకపోతే.

ఓబులమ్మ ఇంకా అక్కడే పనిచేస్తోంది, పరీక్షలకు వెళ్ళినప్పుడల్లా కనిపిస్తుంది. మామాకు, డాక్టరుగారికి, ఆ ఈజిప్టు నర్సుకు ఎదురుగా చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పుకోగలిగాను. యోహానుకు చెప్పుకోలేకపోయాను. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికే అతని అబద్ధపు సెలవుల సంగతి కంపెనీలో పాకిపోయింది. అతని పని ఒప్పందం కొనసాగించలేదు, ఇంటికి పంపేశారు. వెళ్ళే ముందు మా ఆయనతో ఫోనులో, "అక్క పండుకుంటుందా మంచిగ?" అని మాత్రం అడిగాడట. తర్వాత మస్కట్ వెళ్ళాడని ఒకరన్నారు, బొంబాయిలో ఉన్నాడని ఇంకొకరన్నారు. అతని పేరు ఇక్కడ రాయవచ్చా అని అడగడానికి చిరునామా లేదు. అడిగితే ఒప్పుకునేవాడనే అనుకుంటున్నాను.

మీరు ఏ దేవుణ్ణి తలచుకునేవారైనా సరే, ఒక్కసారి అతన్ని తలచుకోండి. 'ఎవరో ఒక అన్న' అనకండి. పేరు చింపకుండా, యోహాను అని తలచుకోండి.